వీడియో కాల్‌తో పాఠం: ముందు మాట వినపడాలి

క్లాసులో ఆన్‌లైన్ అనగానే అందరి ధ్యాసా తెర మీదికే పోతుంది. ప్రభుత్వ బళ్లను బాగుచేసిన నాడు-నేడు పథకంలో హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాక పాఠాల వీడియోలు చూపించడం మామూలైపోయింది. అది వేరే పని. ఇక్కడ చెప్పేది రెండు బళ్లను కాల్‌లో కలిపి పిల్లల చేత మాట్లాడించడం గురించి. దానికి ఒకటే షరతు: మన గదిలో దొరకనిది అవతల ఏదో ఒకటి ఉండాలి. ఇంకో ఊరి టీచరు చేత అదే పాఠం చెప్పించడానికైతే కాల్ దండగ, నల్లబల్ల చాలు.

ఈ విషయంలో విశాఖవాళ్లం అదృష్టవంతులం. మన బళ్లు చాలావరకు సముద్రమట్టానికి దగ్గర్లో ఉన్నాయి. వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి బడితో ముందే మాట్లాడుకుని రెండు చోట్లా ఒకేసారి నీళ్లు మరిగించండి. ఇక్కడ 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు అక్కడ 97 దగ్గరే తెర్లుతాయి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గి, దాంతో మరుగు స్థానం తగ్గుతుందని పుస్తకంలో చదివిన వాక్యాన్ని అవతలి పిల్లాడు తన నోటితో అంకె చెప్పి రుజువు చేస్తాడు. కాల్ పెట్టినందుకు ఇదీ ఫలితం.

తేడా మూడు డిగ్రీలే కాబట్టి పొరపాటుకు చోటివ్వకూడదు. బడి ల్యాబుల్లో ఉండే థర్మామీటర్లు ఒకదానికొకటి ఒక డిగ్రీ అటూ ఇటూ చూపిస్తాయి. ముందురోజే రెండు బళ్లలోనూ కరుగుతున్న ఐసు ముక్కల నీళ్లలో పెట్టి చూసి, సున్నాకి ఎంత తేడా ఉందో రాసిపెట్టుకుని చివర్లో సవరించుకోవాలి. బల్బు బీకరు అడుగుకు తగలకూడదు, తగిలితే అంకె ఎక్కువ వస్తుంది. బుడగలు మొదలవగానే కాదు, నీళ్లు బాగా తెర్లుతూ అంకె ఒక నిమిషం కదలకుండా ఉన్నాక రీడింగు తీసుకోవాలి. ఇంటి నుంచి జ్వరం చూసే థర్మామీటరు తెచ్చే పిల్లలుంటారు, అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, మరిగే నీళ్లలో పెడితే పగులుతుంది. సారా దీపం మీద 150 మిల్లీలీటర్లు మరగడానికి చాలాసేపు పడుతుంది, కనీసం పది నిమిషాల ముందే వెలిగించండి. లేకపోతే కాల్ అంతా దీపాన్ని చూస్తూ కూర్చోవడమే.

కొన్ని ఫోన్లలో గాలి పీడనం కొలిచే బారోమీటర్ సెన్సరు ఉంటుంది. అలాంటివి రెండు చోట్లా దొరికితే పీడనం కూడా పోల్చవచ్చు, అరకులో దాదాపు 100 హెక్టోపాస్కల్స్ తక్కువ చూపిస్తుంది. వాతావరణం యాప్ తెరిచి చూడకండి. అది సముద్రమట్టానికి సవరించిన అంకె చూపిస్తుంది, రెండు ఊళ్లకీ ఇంచుమించు ఒకటే వచ్చి పాఠం అడ్డం తిరుగుతుంది. సెన్సరు అసలు రీడింగు చూపించే యాప్ కావాలి.

ఇక సౌండు. ఇలాంటి కాల్స్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. మన క్లాసు గదులకు బోసి గోడలు, సిమెంటు శ్లాబు. మాట గోడలకు కొట్టుకుని రీసౌండ్ వస్తుంది. దానికి తోడు ఫ్యాన్లు. ల్యాప్‌టాప్ మైకు బల్ల మీద నుంచి నలభై మంది గొంతులూ పట్టుకుంటుంది అనుకుంటాం కానీ అది పట్టుకునేది ఫ్యాను గాలినే. వంద, రెండు వందల రూపాయల్లో దొరికే వైరు కాలర్ మైకు ఒకటి కొనండి. అడిగే పిల్లాడు దగ్గరికొచ్చి, జానెడు దూరంలో పెట్టుకుని మాట్లాడాలి. విశాఖ ఉక్కపోతలో ఫ్యాన్లన్నీ ఆపమంటే పిల్లలు ఊరుకోరు, మైకు మీద తిరిగేదొక్కటి ఆపితే చాలు.

గదిలో ఒక మైకు, ఒక స్పీకరు. అంతే. కెమెరా కోసమని రెండో ఫోను కూడా అదే కాల్‌లో చేర్చి, దాని మైకు తీసేయడం మర్చిపోతే ఒకదాని శబ్దం ఇంకోదాంట్లోకి వెళ్లి గదంతా కీచుమంటుంది. రెండో ఫోనుకు మైకుతో పాటు స్పీకరు కూడా ఆపేయాలి. బ్లూటూత్ స్పీకరు చూడ్డానికి సుఖంగా ఉంటుంది గానీ మాట కాస్త ఆలస్యంగా వస్తుంది. పైగా దాన్ని కలపగానే కొన్నిసార్లు మైకు కూడా ఆ స్పీకర్లోకే మారిపోతుంది. గది చివరున్న స్పీకర్లోంచి మన మాట అవతలికి నూతిలోంచి వచ్చినట్టు వినపడుతుంది. ఇయర్‌ఫోన్ రంధ్రంలో పెట్టే ఆక్స్ వైరు వాడండి. ఫోనుకు ఆ రంధ్రం లేకపోతే టైప్-సీ కన్వర్టర్ దొరుకుతుంది.

కాల్ ప్యానెల్ మీంచి కాకుండా ల్యాప్‌టాప్ మీంచి కలపడం మంచిది. కరెంటు పోతే ప్యానెల్ ఆరిపోతుంది, ల్యాప్‌టాప్‌తో మాట నడుస్తూనే ఉంటుంది. నెట్ ఫోను హాట్‌స్పాట్ నుంచి తీసుకుంటే ల్యాప్‌టాప్‌లో ఆ కనెక్షన్‌ని మీటర్డ్‌గా (డేటా పొదుపుగా వాడే సెట్టింగు) పెట్టడం మర్చిపోవద్దు. లేదంటే కలిసిన వెంటనే విండోస్ అప్‌డేట్లు మొదలై ఆ రోజు డేటా హరీమంటుంది. కాల్‌కి గంటకు సుమారు ఒక జీబీ వేసుకోండి, బొమ్మ నాణ్యత తగ్గిస్తే ఇంకా తక్కువే. ముందురోజు అదే పీరియడ్‌లో పరీక్షించి చూడాలి, పొద్దున్న ఏడింటికి బాగున్న సిగ్నల్ పదకొండుకి ఉంటుందన్న నమ్మకం లేదు. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు కాల్ ఆగిపోతుంది. రెండే పరికరాలైతే గూగుల్ మీట్‌లో ఆ బాధ లేదు, మూడో పరికరం చేరితే గంట పరిమితి.

నెట్ మొరాయిస్తే కెమెరాలు ఆపేయండి. అదీ కుదరకపోతే మామూలు ఫోన్ కాల్ స్పీకర్లో పెట్టండి. అంకెలు చెప్పుకోవడానికి బొమ్మ అక్కర్లేదు. అంకె విన్నవాళ్లు తిరిగి చెప్పాలి. "తొంభై ఏడు." "తొంభై ఏడేనా?" "అవును." సిగ్నల్ తడబడితే తొంభై ఎనభైలా వినపడుతుంది.

నలభై మందీ మాట్లాడడం కుదరదు. ఐదారుగురు ముందురోజే చీటీల మీద ప్రశ్నలు రాసుకోవాలి, అవి అవతలి టీచరుకి ముందే పంపాలి. మిగతావాళ్లు నోటుబుక్కులో సమయం, మన అంకె, వాళ్ల అంకె అని మూడు గడులు గీసి నింపుతూ ఉంటారు. "అక్కడి నీళ్లు వేరు కదా, అందుకేమో" అని ఎవరో ఒకరు అంటారు, అది చాలా మంచి ప్రశ్న. తాగే నీళ్లలో ఉండే లవణాల వల్ల ఇంత తేడా రాదు. వచ్చినా మరుగు స్థానం పెరుగుతుందే గానీ తగ్గదు. ఈ జవాబు మీరు చెప్పేయకుండా రెండు క్లాసుల చేతా వాదించనివ్వండి.

అరకు వైపు చాలామంది పిల్లలకు ఇంట్లో మాట కువి, ఆదివాసీ ఒరియా లాంటివి. తెలుగు బడిలో నేర్చుకున్నది. మనవాళ్లు నగరం వేగంతో గడగడా అడిగేస్తే వాళ్లు నోరు విప్పరు, ఇటు ఎవడైనా కిసుక్కున నవ్వితే ఆ కాల్ అక్కడితో సరి. మొదటి ప్రశ్న వాళ్లనే అడగనివ్వండి. పిల్లలు పేరు మాత్రం చెబితే చాలు, ఇంటిపేరూ వీధీ వద్దు. రికార్డింగ్ జోలికి పోకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి.

కాల్ అయ్యాక ఫలితాలు వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు ఆ ఫోను ఎవరి జేబులో ఉందో ఆలోచించండి. గాజువాకలో తండ్రి స్టీల్ ప్లాంటులో బి షిఫ్టుకెళ్తే ఫోను ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది. జాలరిపేటలో బోటెక్కితే కొన్ని రోజులు రాదు. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఫోను ఇంట్లోనే ఉంటుంది, కాకపోతే అప్పుడు చాలావరకు బడికి వేసవి సెలవులు! అందుకని ఈ రాత్రికే పంపాలి అనే హోంవర్కు గ్రూపులో ఇవ్వకూడదు, కనీసం రెండు రోజుల గడువుండాలి. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు మార్చండి. అక్షరాలు చదవలేని అమ్మల కోసం అదే విషయం నిమిషం లోపు వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టండి. అందులో పిల్లాడు ఏం చేయాలి, ఎప్పటికి తేవాలి అన్న రెండు ముక్కలే ఉండాలి, పాఠం మళ్లీ చెప్పకూడదు.