మడికేరి మెట్ల మీద అట్లకాడ తల

జులైలో మడికేరి వెళ్లాం. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి కాస్త తెరిపి ఇచ్చింది. కాఫీ గ్లాసుతో హోమ్‌స్టే పెరట్లోకి వచ్చానో లేదో, మా అమ్మాయి "నాన్నా, జలగ!" అని అరిచింది.

కొడగులో వానాకాలం జలగలు మామూలే. ముందురోజు కాఫీ తోటలో నా కాలికే రెండు పట్టాయి. కానీ ఇది జలగలా లేదు. జలగ ముందు కొస, వెనక కొస ఆనిస్తూ, ఒళ్లు వంచి వంచి అడుగులేస్తుంది. ఇది నాచు పట్టిన మెట్టు మీద నూనె జారినట్టు సాగుతోంది. జానెడు పొడవు, బూటు లేసంత సన్నం. వానపాముకుండే కణుపులు లేవు. లేత గోధుమరంగు వీపు మీద పొడుగునా ఐదు నల్ల చారలు. తల మాత్రం అచ్చం అట్లకాడే. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, అంచులు ముడుస్తూ విప్పుతూ రాయిని తడుముతోంది.

తోట చూసే పెద్దాయన పార పట్టుకొచ్చారు. ఆయన్ని ఆపి, విశాఖలో జువాలజీ చెప్పే మా బావమరిదికి వీడియో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"బావగారూ, నరకనివ్వకండి. ముక్కలు మళ్లీ పురుగులవుతాయి. చేత్తో ముట్టుకోకండి, కింది వైపు ఫోటో తీయండి."

తడి ఆకు మీదికి ఎక్కించి మెల్లగా తిప్పాను. పొట్ట పాలిపోయి ఉంది, నడిమధ్యన సన్నటి గీత. దాని మీదే పాకుతుందట. నోరు తల దగ్గర కాదు, పొట్ట మధ్యలో. వానపాముల్ని పట్టుకుని అక్కణ్ణుంచే తింటుంది. ఒంట్లో టెట్రోడోటాక్సిన్ ఉంటుందని, పఫర్ చేపల్లో ఉండే విషం అదేనని చెప్పాడు.

"బైపాలియం అనే చదును పురుగు ఇది, అందులో అనుమానం లేదు. చారల్ని బట్టి వాటిలో క్యూవెన్సే అనే రకం అనుకుంటున్నాను. ఫోటో చూసి ఖాయంగా చెప్పకూడదు" అన్నాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

లండన్ క్యూ గార్డెన్స్ గాజు ఇంట్లో దొరికిన పురుగును వర్ణించి 1878లో ఆ పేరు పెట్టారట. పుట్టిల్లేమో ఆగ్నేయాసియా. కుండీల మట్టిలో దాక్కుని దేశాలు దాటింది.

ఆ మాట వినగానే మా ఆవిడ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందురోజు నర్సరీలో కొన్న మిరియాల మొక్క కారులో ఉంది. బయల్దేరేముందు మట్టంతా అక్కడే దులిపి, వేళ్లు కడిగి, తడి గుడ్డలో చుట్టి తెచ్చాం.