సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫ్: ఆడేవాళ్లకూ, చూసేవాళ్లకూ

స్కాట్లాండ్‌లోని ఈ ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. దగ్గర్లోని లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి.

ఇక్కడి పేరున్న గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్సు ఏ క్లబ్బు సొత్తూ కాదు, ఎవరైనా ఆడొచ్చు. ముందే బుక్ చేసుకోలేకపోతే బ్యాలట్ (లాటరీ) ఉంది: ఆడాల్సిన రోజుకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం 2 లోపు పేర్లివ్వాలి, కనీసం ఇద్దరుండాలి. హ్యాండీక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) రుజువు దగ్గర పెట్టుకోండి. ఆదివారాలు మామూలుగా ఆట ఉండదు, జనం కుక్కల్ని తిప్పుతుంటారు. వీలైతే ఆ రోజే కోర్సంతా నడిచి రండి. టీ (బంతిని మొదటిసారి కొట్టే చోటు) దగ్గర నిలబడితే కనబడని బంకర్లు (ఇసుక గుంతలు) ఎక్కడెక్కడ దాక్కున్నాయో అప్పుడే తెలుస్తుంది.

కొత్తవాళ్లను దెబ్బతీసేది గాలి. ఎదురుగాలిలో గట్టిగా బాదితే బంతికి స్పిన్ పెరిగి, పైకి లేచి అక్కడే చతికిలబడుతుంది. ఒకటో రెండో సైజులు పెద్ద క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) తీసుకుని, బంతిని కాస్త వెనక కాలి వైపు పెట్టి, సగం ఊపుతో కొట్టండి. నేల గట్టిది, మిగతా దూరం దొర్లుకుంటూ పోతుంది. గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) బయటి నుంచి బంతిని పైకి లేపే వెడ్జ్ కన్నా నేల మీద దొర్లించే పుట్టరే నయం, ఎంత నామోషీగా అనిపించినా సరే.

బ్యాలట్ తగలకపోతే న్యూ కోర్సు, జూబిలీ అనే వేరే మైదానాలున్నాయి. వాటిని రెండో రకం అనుకోకండి.

చూడటానికైతే శరదృతువులో జరిగే డన్‌హిల్ లింక్స్ టోర్నీ మంచిది. దాన్ని కార్నూస్టీ, కింగ్స్‌బార్న్స్ మైదానాల్లో కూడా ఆడతారు. ఓల్డ్ కోర్సులో 7, 11 హోల్స్‌కు (బంతిని వేయాల్సిన గుంతలకు) ఒకటే గ్రీన్, వాటి ఫెయిర్‌వేలు (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి దారులు) ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. అక్కడ నిలబడితే ఆట రెండు వైపుల నుంచీ వస్తుంది. 17వ గ్రీన్ పక్కన మాత్రం పొద్దున్నే చోటు పట్టాలి.