నాన్న తీసుకొచ్చారు సరే, నువ్వెందుకొచ్చావ్?

పొద్దున్నే కరెంటు పోయింది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఈ ఉక్కకి ఫ్యాన్ లేకుండా ఓ గంట కూర్చుని ఎవరైనా మనసు విప్పుతారా అసలు, ఇన్వర్టర్ అబ్బాయికి ఫోన్ చేస్తే "వస్తన్నానమ్మా దార్లో ఉన్నా" అన్నాడు, సాయంత్రం దాకా ఆ దారి అవ్వలేదు. ముందే చెప్పేస్తా, నా దగ్గరికి కౌన్సెలింగ్‌కొచ్చినవాళ్ల గురించి రాసేటప్పుడు ఊళ్లూ ఉద్యోగాలూ వయసులూ మార్చేస్తాను, ఇక్కడా అంతే, కాబట్టి ఎవరూ ఎవర్నీ వెతకొద్దు.

మొదట రుషికొండ వైపు ఐటీ కంపెనీలో చేసే అమ్మాయి వచ్చింది. ట్రాన్స్ మహిళ, అంటే పుట్టినప్పుడు అబ్బాయి అన్నారు గానీ తను అమ్మాయే. తనని చూడగానే అందరూ ఆ విషయం మాట్లాడ్డానికే వచ్చిందనుకుంటారు, తనకేమో ఇంటి ఓనర్ గొడవ, మేనేజర్ గొడవ. సెషన్ మొదలయ్యేముందు ఇవాళ ఏం మాట్లాడదామో తననే కాగితం మీద రాయమంటాను, ఇవాళ పైన "అద్దె" అని రాసింది, కింద "హెచ్ఆర్లో పేరు" అని. 2019 ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం కింద కలెక్టర్ ఇచ్చే ఐడీ కార్డు వచ్చేసింది తనకి, కానీ ఆఫీసు మెయిల్లో ఇంకా పాత పేరే కనిపిస్తోందట, రోజూ లాగిన్ అవ్వగానే కడుపులో తిప్పుతుందట. హెచ్ఆర్‌కి మెయిల్ ఇద్దరం కూర్చుని డ్రాఫ్ట్ చేశాం, నేను పెట్టిన రెండు లైన్లు "మరీ బతిమాలినట్టుంది మేడం" అని కొట్టేసింది, నిజమే బతిమాలినట్టే ఉంది. పోయినసారి నేను చెప్పిన ఊపిరి ఎక్సర్‌సైజు కూడా తనకి అస్సలు పడలేదంది. వదిలేశాం. ఇలా మొహం మీద చెప్పే క్లయింట్ ఉంటే నా పని సగం అయిపోయినట్టే.

తర్వాత తండ్రీకొడుకులు. గాజువాక నుంచి. కుర్చీలో కూర్చోకముందే ఆయన "మేడంగారూ మీరే ఎలాగైనా మామూలు మనిషిని చెయ్యాలి వీణ్ణి" అన్నారు. కుర్రాడికి ఇరవై దాటింది, గే, అంటే అబ్బాయిలంటేనే ఇష్టం, ఫోన్లో ఏదో చూసి తెలిసిపోయిందట నాన్నకి. ఇంతకుముందు ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే ఇంజెక్షన్లు చేస్తే పోతుంది అన్నాడట, డబ్బులు కూడా కట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది గానీ తండ్రి మీద కాదు, ఆయన భయపడుతున్నాడు, ఆ భయాన్ని అమ్ముకున్నవాడి మీద.

ముందు కుర్రాడితో ఒక్కడితోనే మాట్లాడతానన్నా. "లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్తారు కదా" అన్నారాయన. చెప్పనండి అన్నా. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలోనే ఉంది ఆ గోప్యత, ఫీజు కట్టేది మీరైనా క్లయింట్ అతనే అన్నా. కాస్త నొచ్చుకున్నారు, బయట కూర్చున్నారు.

కుర్రాణ్ణి ఒకటే అడిగా, నాన్న ఎందుకు తీసుకొచ్చారో విన్నాను, నువ్వెందుకొచ్చావ్ అని. చాలాసేపు చెప్పలేదు. చివరికి "నిద్ర పట్టట్లేదు మేడం, బ్యాంక్ ఎగ్జామ్ ఉంది, పుస్తకం తీస్తే అక్షరాలు కదుల్తున్నాయి" అన్నాడు. అంతే చూడండి, తను ఎవరో తనకి తెలుసు, అందులో వాడికి డౌటే లేదు. ఇంట్లో అమ్మకి ఇప్పుడే చెప్పొద్దు, ఉద్యోగం వచ్చాక చూస్తా అన్నాడు, సరే అన్నా. మా కౌన్సెలర్లలో కొందరు మంచి ఉద్దేశంతోనే ధైర్యంగా ఉండు, అందరికీ చెప్పెయ్ అని తోసేస్తారు, నాకు నచ్చదది. రాత్రికి ఆ ఇంట్లో పడుకోవాల్సింది ఆ కుర్రాడు, మనం కాదు కదా. ఏయూలో సైకాలజీ చదివేటప్పుడు కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్టుని పరీక్ష కోసం బట్టీ కొట్టాం, మనిషికి ఏం కావాలో ఆ మనిషికే బాగా తెలుసు అంటాడాయన. నిద్ర గురించి నాకు తెలుసు, వాళ్లింటి గురించి వాడికి తెలుసు, రెండూ కలిపి ఓ ప్లాన్ వేసుకున్నాం, ఫోన్ ఎన్నింటికి పక్కన పెట్టాలో కూడా వాడే చెప్పాడు.

తర్వాత వాడు సరేనన్నాకే తండ్రిని పిలిచా. ఇది జబ్బు కాదండీ, 1990లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల లిస్టులోంచి తీసేసింది, 2018లో సుప్రీంకోర్టు నేరం కూడా కాదంది, మారుస్తామని వైద్యం చేస్తే ఆ డాక్టర్‌దే వృత్తిపరమైన తప్పు అని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కూడా చెప్పింది అన్నా. తల ఊపారు గానీ ఎక్కలేదు. అప్పుడు మద్రాసు హైకోర్టు సంగతి చెప్పా. ఒకర్నొకరు ప్రేమించుకున్న ఇద్దరమ్మాయిల కేసు వస్తే జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ గారు తనకి ఈ విషయం సరిగా తెలీదని ఒప్పుకుని, తనే సైకాలజిస్టు దగ్గర సెషన్‌కి కూర్చుని, ఆ తర్వాత 2021లో ఆర్డర్ ఇచ్చారు, ఈ మార్చే వైద్యాలు ఆపమని. అది విని తండ్రి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "జడ్జిగారే వెళ్లి కూర్చున్నారా?" అన్నారు. అవునండీ అన్నా. కాసేపాగి మళ్లీ అదే అడిగారు. లెక్కలూ తేదీలూ చెయ్యని పని ఓ పెద్దాయన "నాకు తెలీదు" అన్న మాట చేసింది.

సాయంత్రం పలాస కుర్రాడు, ఇంజనీరింగ్. హాస్టల్లో యాస వెక్కిరిస్తున్నారని అసలు మాట్లాడ్డమే మానేశాడు. న్యూస్ చదివినట్టు మాట్లాడుతున్నాడు నాతో, నాది చీపురుపల్లి వైపు కాబట్టి "ఏటయ్యింది నాన్నా, సెప్పు" అన్నా. నవ్వేశాడు. ఇంక టైం అయిపోయినా ఆగలేదు. ఇంటర్వ్యూల్లో మాత్రం మార్చుకుంటాను, రూంలో మార్చను అని తనే గీత గీసుకున్నాడు, నేను ఏ సలహా ఇవ్వలేదు.

రాత్రి పెరుగన్నం తింటుంటే గాజువాక ఆయన మెసేజ్, వచ్చే వారం వాళ్లమ్మని కూడా తీసుకురావచ్చా మేడం అని. తండ్రికి తొందరెక్కువే. మీ అబ్బాయిని అడగండి, తను ఊ అంటేనే అని పెట్టా. బ్లూ టిక్స్ పడ్డాయి, రిప్లై లేదు ఇంకా.