రీజన్ కాలమ్

మా పాత ఆఫీసులో లీవ్ పెట్టాలంటే పోర్టల్‌లో ఒక డబ్బా ఉండేది, రీజన్ అని. దాని పక్కన ఎర్ర చుక్క, అంటే అది నింపకపోతే సబ్మిట్ బటన్ పనిచెయ్యదు. ఏడేళ్ళు చేశా ఆ ఉద్యోగం, టెస్టింగ్ టీమ్‌లో. ఆ డబ్బాలో నేను రాసినన్ని కథలు ఇంకెక్కడా రాయలేదు. నాకున్నది ఒక్కగానొక్క మేనత్త, పాపం ఆవిడకి ఆ ఏడేళ్ళలో మూడు ఆపరేషన్లు చేయించా, ఒకటి కంటికి, రెండు మోకాళ్ళకి. ఆవిడ ఇప్పటికీ పొలం గట్ల మీద నాకంటే స్పీడుగా నడుస్తుంది.

ఒక్కసారి మాత్రం ఎందుకో అబద్ధం ఆడబుద్ధి కాలేదు. జులై నెల, రెండ్రోజుల నుంచీ వదలని ముసురు, కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకి పోవాలంటే ఆ వానలో గంటన్నర. పెద్ద పనేం లేదు, ఇంట్లో ఉండాలనిపించింది, అంతే రాశా ఆ డబ్బాలో. పది నిమిషాలు కాలేదు, మేనేజర్ ఫోన్. మంచాయనే, తిట్టలేదు, పైగా కంగారు పడ్డాడు. ఇంట్లో ఏమన్నా ప్రాబ్లమా, హెల్త్ బానే ఉందా, వేరే కంపెనీలో ఇంటర్వ్యూ ఏమన్నా ఉందా (ఇది కొంచెం గొంతు తగ్గించి). ఏం లేదు సార్, ఊరికే అన్నా. కాసేపు ఆగి, "సిక్ లీవ్ అని మార్చెయ్యండి, నాకు అప్రూవ్ చెయ్యడానికి ఈజీ" అన్నాడు. మార్చేశా. ఆ లీవ్ నాదే, ఏడాదికి నాకు రావాల్సిన లెక్కలోదే, అయినా దాన్ని నేను జ్వరం పేరు మీదే వాడుకోవాల్సి వచ్చింది.

తర్వాత ఆ ఉద్యోగం మానేశా. మానెయ్యడానికి కూడా 90 రోజుల నోటీసు, ఆ 90 రోజుల చివర్లో మళ్ళీ ఒక ఫారం, ఎందుకు వెళ్తున్నారు అని. ఈసారి డబ్బా కాదు, లిస్టు. బెటర్ ఆపర్చునిటీ, హయ్యర్ స్టడీస్, మ్యారేజ్, రీలొకేషన్, హెల్త్. ఇవేవీ కావని అదర్స్ నొక్కితే కింద ఇంకో డబ్బా తెరుచుకుంది, వివరంగా రాయండి అని!

ఇప్పుడు ఇంట్లోంచే చేస్తున్నా, యాప్‌లకి తెలుగు చెయ్యడం, వీడియోలకి సబ్‌టైటిల్స్ రాయడం. ఫ్రీలాన్స్ అంటే జనం "అబ్బ, నీకేంటే, బాస్ లేడు" అంటారు. నిజమే, లేడు. శాలరీ స్లిప్ కూడా లేదు. క్రెడిట్ కార్డుకి పోతే రెండేళ్ళ ఐటీ రిటర్న్స్ పట్టుకురమ్మన్నారు, ఇల్లు మారదామని పోతే ఓనర్ ఆంటీ "ఏ కంపెనీ అమ్మా" అంది, ఇంట్లోంచే చేస్తానాంటీ అంటే "అదేలే, ఏ కంపెనీ?" అని మళ్ళీ అడిగింది. జీతంలో కంపెనీ తన వంతుగా వేసే పీఎఫ్ 12 శాతం పోయింది, ఇప్పుడొచ్చే బిల్లులో క్లయింటే 10 శాతం టీడీఎస్ అని పన్ను కోసుకుని మిగతాది 45 రోజులకి వేస్తాడు, అది కూడా రెండు సార్లు గుర్తు చేస్తే. ఇవన్నీ ముందే తెలుసు, లెక్క వేసుకునే దిగా, వీటి గురించి ఏడవట్లేదు.

నాకు తెలియనిది ఇంకోటి. మానేసిన రెండో నెల్లో ఒక మధ్యాహ్నం నిద్రొచ్చింది. పని ఉంది కానీ రేపటిది. ఇంట్లో నేనొక్కదాన్నే. మంచం మీద వాలుతూ వాలుతూ "పొద్దున్నుంచీ తల నొప్పిగా ఉంది కదా" అనుకున్నా. లేదు. తల నొప్పి లేదు. ఎవరికి చెప్తున్నా నేను? పోర్టల్ లేదు, మేనేజర్ లేడు, ఎర్ర చుక్క లేదు, అయినా ఖాళీ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని సిక్ లీవ్ పెట్టుకుంటున్నా.

దీనిమీద ఇంత ఆలోచించడానికి కారణం మళ్ళీ పనే. ఒక చట్టాల అవగాహన వీడియోల సిరీస్‌కి సబ్‌టైటిల్స్ రాశా, అందులో ఒకటి మేనకా గాంధీ కేసు. లా చదివినవాళ్ళందరికీ కంఠతా వచ్చే కేసేనట, నాకు మాత్రం అదే మొదటిసారి. 1977 జులైలో ఆవిడకి లెటరొచ్చింది, ప్రజా ప్రయోజనం కోసం మీ పాస్‌పోర్ట్ స్వాధీనం చేసుకోవాలని నిర్ణయించాం, ఏడు రోజుల్లో అప్పగించండి అని. అప్పటికి ఎమర్జెన్సీ అయిపోయింది, ఇందిరాగాంధీ ఓడిపోయింది, జనతా ప్రభుత్వం. ఈవిడ ఇందిరాగాంధీ కోడలు. సరే, కారణం ఏంటో చెప్పండి అని ఈవిడ తిరిగి రాసింది. దానికొచ్చిన జవాబు చూసి నేను వీడియో పాజ్ చేశా: కారణాలు మీకు ఇవ్వకపోవడం కూడా ప్రజా ప్రయోజనం కోసమేనట. ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్ళింది, ఏడుగురు జడ్జీలు విన్నారు, 1978 జనవరి 25న తీర్పు. ఆర్టికల్ 21లో వ్యక్తిగత స్వేచ్ఛ అనే మాట ఉంది కదా, విదేశాలకి పోవడం కూడా అందులోదే, దాన్ని ఆపాలంటే ఏదో ఒక చట్టం ఉంటే సరిపోదు, ఆ ఆపే పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలి, అవతలి మనిషి చెప్పేది వినాలి అన్నారు.

నాకు లా తెలీదు. సబ్‌టైటిల్ టైమింగ్ చూసుకుంటూ నాకర్థమైంది మాత్రం ఒక్కటే, ఎందుకు అనే ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది ఆపేవాడు. మరి మనదగ్గర, ఆఫీసులో గానీ ఇంట్లో గానీ, ఆ ప్రశ్న ఎప్పుడూ పోయేవాళ్ళనే అడుగుతారు కదా? ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, ఎన్నింటికొస్తావ్. ఆపేవాళ్ళు ఏ ఫారమూ నింపరు, "ఎందుకొచ్చిన గొడవ, వద్దులే" అంటే చాలు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి.

మాది సిద్దిపేట వైపు. అమ్మ ఇరవై ఏళ్ళ పైనే బీడీలు చేసింది. నేనిప్పుడు ఫ్రీలాన్స్ అని చెప్పుకుంటున్నా గానీ మా ఇంట్లో మొదటి ఫ్రీలాన్సర్ ఆమే. ఇంట్లోనే పని, టైమింగ్ లేదు, నెత్తి మీద సేటు లేడు, చేసినన్నిటికి పైసలు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మలిచి దారం కట్టడం, చూస్తుండగానే అయిపోయేది, చేతివైపు చూసేది కూడా కాదు. టీవీ చూస్తూ చేసేది, నాకు ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ చేసేది, పెళ్ళిచూపులకొచ్చిన మా పిన్ని అత్తగారితో మాట్లాడుతూ కూడా చాట దించలేదంటారు. కార్ఖానాకి తీసుకుపోతే అక్కడ కొన్ని బాలేవని తీసి పక్కన పడేసేవాళ్ళు, వాటికి పైసలు రావు. (నా క్లయింట్లు దీన్నే రివిజన్ అంటారు.) తన టైము తన చేతిలోనే ఉన్న మనిషి, తలెత్తి చూడ్డానికి మాత్రం టైముండేది కాదు. వచ్చిన పైసలు చిట్టీకి, నా ఫీజులకి.

అందుకని ఎక్కడికన్నా పోవాలంటే బస్ ఛార్జీ బాపుని అడగాల్సిందే. బాపు చెడ్డోడు కాదు, ఎప్పుడూ లేదనలేదు. "ఎందుకు?" అనేవాడు అంతే. దవాఖానకి, చెల్లెలికి బాలేదు, ఫలానా వాళ్ళింట్లో దినాలు. కారణం సరిపోతే పోను ఛార్జీ, రాను ఛార్జీ లెక్కపెట్టి, పైన చాయ్‌కి పది రూపాయలేసి ఇచ్చేవాడు. అమ్మ ప్రయాణాలన్నీ ఎవరికో జబ్బు చేస్తేనో ఎవరో పోతేనో జరిగినవే.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ చేశారు కదా. దానిమీద జోకులు, వీడియోలు, సీట్ల కోసం కొట్లాటలు అందరికీ తెలిసినవే. నష్టపోయినవాళ్ళూ ఉన్నారు, మా వీధిలో ఆటో నడిపే అన్న సగం గిరాకీ పోయిందని మొత్తుకుంటాడు, ఆయన బాధ అబద్ధం కాదు, ఆయన ఆటో కిస్తీ ఎవడు కడతాడు. బాపు అయితే "మొగోళ్ళేం పాపం చేసిన్రు" అని ఇప్పటికీ కండక్టర్లతో పంచాయితీ పెడతాడు.

2024లో ఒక రోజు పొద్దున పదకొండింటికి అమ్మకి ఫోన్ చేశా. వెనక ఒకటే గోల, మైకులో ఏదో చెప్తున్నారు.

"యాడున్నవమ్మా?"

"వేములాడల ఉన్న."

"వేములాడనా? ఎందుకు పోయినవ్?"

ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఊకెనే."

"కోడె మొక్కేమన్న ఉండెనా?"

"ఏం మొక్కు లేదే. సిద్దిపేటకు కూరగాయలకు వచ్చిన, బస్సుల కిడికి కాడ సీటు దొర్కింది, ఎక్కిన."

"బాపుకు చెప్పినవా?"

"వచ్చినంక చెప్త తియ్."

ఫోన్ పెట్టేశాక నాకు వెలిగింది, నేనడిగిన ప్రశ్నలన్నీ ఆ పోర్టల్ అడిగేవే అని. మొక్కు లేకుండా వేములవాడ రాజన్న గుడికెందుకు పోయింది అని నాకూ కారణం కావాల్సొచ్చింది. మేనకా గాంధీ కేసుకి సబ్‌టైటిల్స్ రాసి అప్పటికి పట్టుమని రెండు నెలలు కూడా కాలేదు.

సాయంత్రం బాపు ఫోన్ చేసి "మీ అమ్మ చూసినవా ఏం చేసిందో" అన్నాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఆ గొంతులో. సిరిసిల్ల మీదుగా పోయి, గుళ్ళో లైను పెద్దగా ఉందని బయట నుంచే దండం పెట్టుకుని, బస్టాండ్ దగ్గర మిర్చి బజ్జీ తిని, వచ్చిందట. కూరగాయలు మర్చిపోయిందట.

అమ్మ ఆధార్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో ఇప్పుడు జీరో టికెట్లు కూడా ఉంటాయి, సున్నా అని కొట్టిన సన్న కాగితాలు, సగం అక్షరాలు చెదిరిపోయినవి. ఎందుకు దాస్తున్నావ్ అని నోటిదాకా వచ్చి ఆగిపోయా. నేను స్వేచ్ఛ అనాలా స్వాతంత్ర్యం అనాలా అని డిక్షనరీలు తిరగేస్తుంటా గానీ ఆమెకి ఈ రెండూ పట్టవు, "నా ఇష్టమొచ్చినట్టు పోయిన" అంటుంది, మా ఊళ్ళో ఆ మాటని ఎప్పుడూ తిట్టుగానే వాడతారు, ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది అని.

పోయిన నెల చెప్పా పెట్టకుండా హైదరాబాద్ వచ్చింది. జేబీఎస్ బస్టాండ్‌లో దిగి, అక్కడ సిటీ బస్సు ఎవర్నో అడిగి ఎక్కి, కూకట్‌పల్లి వరకూ వచ్చేసి "దిగిన, ఎటు రావాలె" అని ఫోను. రెండ్రోజులుంది. రెండో రోజు మధ్యాహ్నం రెండింటికి ఒక కాల్ ఉండె, క్లయింట్‌కి ఈ రోజు కుదరదు, రేపు పెట్టుకుందాం అని మెసేజ్ పెట్టా. మా అమ్మ వచ్చింది, బాలేదు, కరెంటు పోయింది అని మూడు రకాలుగా టైప్ చేసి మూడూ కొట్టేశా. అవతల నుంచి ఒక బొటనవేలు వచ్చింది. పోయి మంచమెక్కా.

అమ్మ గిన్నెలు సర్దుకుని లోపలికొచ్చి చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పట్టపగలు పన్నవేందే? పానం బాలేదా?"

"బానే ఉంది."

"పని లేదా?"

"ఉంది."

"మరెందుకు పన్నవ్?"

నేనేం మాట్లాడలేదు, ఆమె వైపు చూసి నవ్వా. కాసేపు చూసింది. "జర్ర జరుగు" అని నన్ను గోడ వైపు నెట్టి, కొంగు నెత్తి కింద పెట్టుకుని పక్కన పన్నది.