'ద రెడ్ స్లీవ్' నచ్చిందా? అయితే తర్వాత ఇది చూడండి

"అక్కా, రెడ్ స్లీవ్ అయిపోయింది. అలాంటిదే ఇంకోటి చెప్పవా" అని మా పిన్ని కూతురు అడిగితే, ఆలోచించకుండా 'మై డియరెస్ట్' (2023) అన్నాను. రెండూ కొరియా చారిత్రక సీరియల్సే.

రెడ్ స్లీవ్‌లో నాకు ప్రాణం దోక్-ఇమ్. రాజు మనసిచ్చినా వెంటనే తలవంచని అంతఃపుర పరిచారిక. అది రచయితల ఊహ కాదు. ఆమె తనను రెండుసార్లు కాదందని జోసన్ (అప్పటి కొరియా రాజ్యం) రాజు జొంగ్‌జో స్వయంగా ఆమె స్మారక లేఖలో రాసుకున్నాడు. 1786లో ఆమె గర్భిణిగా ఉండగానే చనిపోయింది. ఇది తెలిశాక చివరి ఎపిసోడ్లు మళ్లీ చూడండి, గుండె పట్టేస్తుంది.

అంత బరువు మోయగలిగేది మై డియరెస్ట్ ఒక్కటే. 1636లో మంచూల చింగ్ సామ్రాజ్య సైన్యం జోసన్ మీద పడినప్పటి కథ. మొదట్లో కథానాయిక గిల్-చే గారాలు విసుగనిపించొచ్చు, ఓపిక పట్టండి. యుద్ధం వచ్చాక ఆ పిల్లే తనవాళ్లందరికీ అండగా నిలబడుతుంది. బందీలుగా వెళ్లి తిరిగొచ్చిన ఆడవాళ్లను సొంత ఇళ్లే వెలేసిన చరిత్రను ఇంత ధైర్యంగా చూపించిన సీరియల్ నేను ఇంకోటి చూడలేదు. హీరో నామ్‌గూంగ్ మిన్ కళ్లతోనే సగం నటించేశాడు.

తేలిగ్గా కావాలంటే 'లవ్ ఇన్ ద మూన్‌లైట్' (2016). మగవేషంలో రాజభవనం చేరిన అమ్మాయి, యువరాజుగా పార్క్ బో-గమ్. వర్షాకాలం సాయంత్రాలకు హాయిగా ఉంటుంది.

జోసన్‌కు ముందటి గొర్యో రాజ్య కాలపు 'మూన్ లవర్స్' మాత్రం ఆఖరున పెట్టుకోండి. దాని ముగింపు చూశాక వెంటనే ఇంకో కథలోకి వెళ్లడం నావల్ల కాలేదు.