ఫిబ్రవరి 2న తమాలెస్: కిటుకంతా పిండిలోనే

మెక్సికోలో జనవరి 6న ముగ్గురు రాజుల పండుగ. ఆ రోజు కోసే రోస్కా అనే గుండ్రటి తీపి రొట్టెలో చిన్న చిన్న బాలయేసు బొమ్మలు దాచి కాలుస్తారు. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్ళు ఫిబ్రవరి 2న, కాండెలారియా పండుగకి, అందరికీ తమాలెస్ పెట్టాలి. క్రిస్మస్‌తో కలిపి లెక్కేస్తే అది 40వ రోజు. ఇంట్లోని బాలయేసు విగ్రహానికి కొత్త బట్టలు కట్టి చర్చికి తీసుకెళ్తారు, వచ్చాక ఆవిరి మీద తమాలెస్.

తమాల్ అంటే మొక్కజొన్న పిండి మధ్యలో కూరో సాల్సానో పెట్టి, పొత్తు మీది ఎండు పొరలో చుట్టి ఆవిరికి ఉడికించేది. దక్షిణ మెక్సికోలోని ఓహాకా రాష్ట్రంలో అరిటాకు వాడతారు, లోపల మోలె అనే నల్లటి, చిక్కటి మిరపకాయల పులుసు. వంటల పుస్తకాలన్నీ ఈ లోపలి కూర గురించే పేజీలు నింపుతాయి. కూర ఎలా ఉన్నా తమాల్ బతుకుతుంది. పిండి కుదరకపోతే మాత్రం ఏ కూరా కాపాడదు.

పిండి సున్నంతో మొదలవుతుంది. కిలో ఎండు మొక్కజొన్న గింజలకి 3 లీటర్ల నీళ్ళు, 10 గ్రాముల పొడి సున్నం. మనం తాంబూలంలో వేసుకునేదీ ఇదే పదార్థం, కాల్షియం హైడ్రాక్సైడ్. తడి సున్నమైతే అందులో నీళ్ళు కూడా ఉంటాయి కాబట్టి కొంచెం ఎక్కువ పడుతుంది. తినడానికి అమ్మే సున్నమే కావాలి. గోడలకి వేసేది వద్దు, నీళ్ళు తగిలితే సలసలా కాగే రాతి సున్నం అసలే వద్దు. అల్యూమినియం గిన్నెని సున్నం తినేస్తుంది, స్టీలుది పెట్టండి. సన్నని మంట మీద 30 నుంచి 45 నిమిషాలు ఉడికించి, మూతపెట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున గింజని రెండు వేళ్ళ మధ్య నలిపితే పైపొర జారిపోవాలి, కొరికితే మధ్యలో కాస్త పలుకు తగలాలి. పూర్తిగా మెత్తబడిందంటే ఎక్కువ ఉడికినట్టే, పిండి జిగురుగా సాగుతుంది. సున్నం ఎక్కువైతే చేదు. పసుపురంగు నీళ్ళు పారబోసి, రెండు మూడు సార్లు కడిగి రుబ్బుకోవాలి.

ఈ సున్నం తంతు రుచి కోసమే కాదు. మొక్కజొన్నలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టాలంటే ఇది కావాలి. గింజని పట్టుకెళ్ళిన యూరప్ ఈ పద్ధతిని పట్టుకెళ్ళలేదు. ఫలితంగా ఉత్తర ఇటలీ పేద రైతుల్లో పెల్లాగ్రా అనే నయాసిన్ లోపపు జబ్బు ప్రబలింది.

మిక్సీలో రుబ్బితే నీళ్ళు ఎక్కువ పోయక తప్పదు, పిండి జారిపోతుంది. గ్రైండర్ నయం. నీళ్ళు చిలకరిస్తూ, సన్నరవ్వలా కాస్త గరుకుగా ఆపేయాలి. కిలో గింజలకి దాదాపు రెండు కిలోల ముద్ద వస్తుంది.

ఇక గిలక్కొట్టడం. కిలో ముద్దకి 300 గ్రాముల పంది కొవ్వు. ముందు కొవ్వునే తెల్లగా, నురగగా అయ్యేదాకా కొట్టాలి. తర్వాత ముద్దని కొంచెం కొంచెంగా, మధ్యమధ్యలో గోరువెచ్చని చికెన్ రసం కప్పు దాకా, ఉప్పు ఒక పెద్ద చెంచా, బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా. మన గారెల పిండిలాగే దీనికీ నీళ్ళ పరీక్ష ఉంది: చిటికెడు వేస్తే తేలాలి. మునిగితే గాలి చాలలేదని, ఇంకా కొట్టాలి. కొవ్వు బదులు వెన్న వాడొచ్చు. నూనెతో చేసేవాళ్ళూ ఉన్నారు గానీ అది గాలి పట్టదు, తమాల్ గట్టిగా వస్తుంది.

అమెరికాలో ఉండే శాకాహారులకి ఒక మాట. మెక్సికన్ దుకాణాల్లో ‘ప్రెపరాదా’ అని అమ్మే ముద్దలో మామూలుగా పంది కొవ్వు కలిపే ఉంటుంది. లోపల చీజూ మిరపకాయలే ఉన్న రాహాస్ తమాల్ అయినా సరే, పిండి దేనితో కలిపారో అడిగి తినండి.

ఎండు పొరల్ని వేడినీళ్ళలో అరగంట నానబెట్టి తుడవాలి. నునుపు వైపున పిండి పలచగా రాసి, మధ్యలో చెంచాడు కూర, రెండు పక్కలా మడిచి, సన్నటి కొసని కిందికి మడవాలి. తెరిచిన వైపు పైకి ఉండేలా పాత్రలో నిలబెట్టాలి. పడుకోబెడితే కింది వరస నలిగి ముద్దవుతుంది. పాత్ర అడుగు నీళ్ళలో ఒక నాణెం వేస్తారు. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అది గలగలలాడుతుంది. చప్పుడు ఆగిందంటే నీళ్ళు అయిపోయినట్టు. అప్పుడు పోసేవి వేడినీళ్ళే కావాలి, చల్లనివి పోస్తే ఆవిరి తెగి తమాలెస్ సగం ఉడికి సగం పచ్చిగా మిగులుతాయి. వంటింట్లో ఎవరో కోపంగా ఉన్నందుకే ఇలా అయ్యాయనేది అక్కడి పెద్దవాళ్ళ మాట. దానికి విరుగుడుగా పాత్ర చెవులకి పొరల పీలికలు కడతారు కూడా. నీళ్ళు చూసుకోవడం అంతకన్నా మేలు.

గంటా గంటంబావు తర్వాత ఒకటి తీసి, రెండు నిమిషాలాగి విప్పండి. పొర అంటకుండా ఊడొస్తే అయినట్టే. దించిన వెంటనే అన్నీ విప్పితే మెత్తగా, పచ్చిగా ఉన్నట్టనిపిస్తాయి. పావుగంట ఆగితే గట్టిపడతాయి. మిగిలినవాటిని మర్నాడు పొరతో సహా పెనం మీద మాడేదాకా కాల్చుకోవచ్చు. మెక్సికో నగరంలో అయితే తమాల్‌ని రొట్టెలో పెట్టి, పక్కన ఆతోలె అనే వేడి మొక్కజొన్న జావతో పొద్దున్నే రోడ్డు మీదే తినేస్తారు.