కడుపు నిండినంతే మనది

భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు గృహస్థ ధర్మాలు చెబుతూ ఒక మాటంటాడు.

యావద్ భ్రియేత జఠరం తావత్ స్వత్వం హి దేహినామ్
అధికం యోఽభిమన్యేత స స్తేనో దండమర్హతి

ఆకలి తీరడానికి ఎంత కావాలో అంతే మనిషికి సొంతం, అంతకు మించింది కూడా నాదే అనుకునేవాడు దొంగ, వాడికి శిక్ష పడాల్సిందే. పిసినారి అని ఊరుకోలేదు, నేరుగా దొంగ అన్నాడు. అదీ ఖజానా చేతిలో ఉన్న రాజుతో, పెళ్లాం పిల్లలున్న సంసారుల గురించి.

అన్నదానం గొప్పదని చెప్పడానికి ఈ శ్లోకం చదువుతుంటారు గానీ, నాకైతే ఇందులో దానం ఊసే కనిపించదు. ఎక్కువైనది మొదటినుంచీ మనది కానప్పుడు ఇవ్వడం బాకీ తీర్చడమే కదా. హైదరాబాద్‌లో 2014 నుంచి నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ 5 రూపాయలకు భోజనం పెడుతోంది, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు అంటున్నారు. మధ్యాహ్నం ఆ లైన్లో హమాలీలు, ఆటోవాళ్లు, ఆస్పత్రిలో పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు, కోచింగ్ పిల్లలు నిలబడతారు. వాళ్లను చూసి "ఇలా పెడితే బద్ధకం పెరుగుతుంది" అనేవాళ్ల మాట వింటే మనసు చివుక్కుమంటుంది. ఆ హమాలీ మోసిన బస్తాలో బియ్యమేనండీ మన వంటింట్లో ఉడికేది!

ఆ శ్లోకం వెంటనే నారదుడు ఇంకా ముందుకెళ్తాడు. జింక, ఒంటె, గాడిద, కోతి, ఎలుక, పాము, పక్షి, ఈగ, వీటినీ కన్నబిడ్డల్లాగే చూడాలి, బిడ్డలకూ వీటికీ తేడా ఎంతని అడుగుతాడు. మరి మనం తినని అన్నం కన్నబిడ్డకు పెడతామా? ఏళ్ల తరబడి రేషన్‌లో దొడ్డు బియ్యమే ఇచ్చారు, చాలా ఇళ్లలో అవి తినలేక తక్కువకు అమ్మేసి, చేతి డబ్బులు కలిపి సన్నబియ్యం కొనుక్కునేవాళ్లు. 2025 ఉగాదికి తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం మొదలైంది. ఏ పార్టీ ఇచ్చిందన్నది పక్కన పెట్టండి, పండగ పూట పేదవాడి పళ్లెంలోకి మనం తినే బియ్యమే రావడం నా దృష్టిలో పూజే.

ఇంకా అందనివాళ్లూ ఉన్నారు. మన పక్క సైట్లలో పనిచేసే బీహార్, ఒడిశా కూలీలకు సొంతూళ్లో ఆహార భద్రత కార్డు ఉంటే, వన్ నేషన్ వన్ రేషన్ కింద ఆ కార్డు మీదే ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఆ సంగతి తెలియనివాళ్లు ఉంటారు. ఈసారి గుడికి వెళ్లేటప్పుడు దారిలో ఆగి వాళ్లకు వచ్చీరాని హిందీలోనైనా చెప్పండి, డీలర్ కాదంటే ఒకసారి వాళ్లతో పాటు షాపుదాకా వెళ్లండి.